ఒకటో నంబరు ఇంజిన్ ఆగనంటోంది

ఎడమ వైపు కిటికీ సీటు మీది, రెక్కకి కాస్త వెనక. సీటు నంబరు అడక్కండి. అందులో మిమ్మల్ని కూర్చోబెట్టింది నేను. మిగతాదంతా 2010 నవంబరు 4న జరిగిందే.

గురువారం ఉదయం, పదికి మూడు నిమిషాలు తక్కువ. సింగపూర్ చాంగి విమానాశ్రయం. హైదరాబాదు నుంచి సిడ్నీకో మెల్‌బోర్న్‌కో చదువులకీ ఉద్యోగాలకీ వెళ్ళే మన పిల్లలకి ఈ చాంగి బాగా తెలుసు. రేపు దీపావళి. ఊళ్ళో లిటిల్ ఇండియా పండగ హడావుడిలో ఉంది. మీ కింద ఉన్నది క్వాంటాస్ వారి ఏ380. రెండంతస్తులు, నాలుగు ఇంజిన్లు, ప్రయాణికుల విమానాల్లో ఇంతకంటే పెద్దది లేదు. లండన్ నుంచి వచ్చి, ఇక్కడ ఆగి, సిడ్నీ వెళ్తోంది. పేరు నాన్సీ-బర్డ్ వాల్టన్. ఆడవాళ్ళు విమానం నడపడం వింతగా ఉన్న 1930ల్లో నడిపిన ఆస్ట్రేలియా మహిళ ఆవిడ. లోపల 440 మంది ప్రయాణికులు, 29 మంది సిబ్బంది.

ముందు కాక్‌పిట్‌లో ఇవాళ మామూలు కంటే ఇద్దరు ఎక్కువ. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పినీ పనితనాన్ని ఏటా చూసే తనిఖీ ఈ ప్రయాణంలోనే పడింది. తనిఖీ చేసే కెప్టెన్ ఒకరు. ఆయన ఆ పనికి కొత్త కాబట్టి, ఆయన తనిఖీ ఎలా చేస్తున్నాడో చూడటానికి ఇంకో కెప్టెన్. పరీక్ష రాసేవాడు, పరీక్ష పెట్టేవాడు, పెట్టేవాడికి పరీక్ష పెట్టేవాడు. వాళ్ళతో పాటు ఇద్దరు కో-పైలట్లు. మొత్తం ఐదుగురు. తనిఖీకని వచ్చి వెనక సీట్లలో కూర్చున్న ఆ ఇద్దరు పెద్దమనుషులూ ఇవాళ ఎంత పనికొస్తారో ఇంకా ఎవరికీ తెలీదు.

నేల వదిలి నాలుగు నిమిషాలైంది. సింగపూర్ జలసంధి దాటారు. కింద ఇండోనేషియా వారి బాటమ్ ద్వీపం, పచ్చగా, మధ్యమధ్యలో ఇళ్ళ కప్పులు. ఎత్తు 7,000 అడుగులు దాటింది. సీటు బెల్టు దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

ధన్‌మంది. ఆ వెంటనే ఇంకోటి, మొదటిదాని కంటే పెద్దది.

ఎక్కడో లగేజీ పడిందేమో అనుకుంటారు. ఇంకా నయం, రేపటి టపాకాయ ఇవాళే పేలిందనుకోలేదు. కానీ కాళ్ళ కింద నేల సన్నగా వణుకుతోంది. ఇంజిన్ల మోత మారింది. ఎక్కుతున్న విమానం ఎక్కడం మానేసింది. కడుపులోకి వచ్చిన తేలిక అదే చెప్తోంది. కిటికీలోంచి రెక్క వైపు చూస్తారు. నున్నగా ఉండాల్సిన రెక్క పైభాగంలో ఒక చోట రేకు చిరిగి పైకి లేచి ఉంది. అడుగునుంచి ఏదో పొడుచుకుని పైకి వచ్చేసి, ఎటో వెళ్ళిపోయింది. ఆ వెళ్ళిపోయిందేమిటో మీకు తెలీదు. చూసింది పక్కవాళ్ళకి చెప్పాలా వద్దా అనేదే ఇప్పుడు మీ ముందున్న ప్రశ్న.

ముందు కాక్‌పిట్‌లో కెప్టెన్ మొదటి పని అప్పుడే చేసేశాడు. ఉన్న ఎత్తులోనే ఉండు, ఉన్న దిక్కులోనే పో అని ఆటోపైలట్‌కి మీట నొక్కి చెప్పాడు. వేగం దానంతటదే తగ్గాలి, తగ్గలేదు. తన చేత్తోనే ఇంజిన్ల మీటలు వెనక్కి లాగాడు. రెండో నంబరు ఇంజిన్, అంటే ఎడమ రెక్క మీద మీకు దగ్గరగా ఉన్నది, లోపల మితిమీరి వేడెక్కిందని తెర చెప్తోంది. నిప్పంటుకుందన్న హెచ్చరిక ఒకటి రెండు సెకన్లు వెలిగి ఆరిపోయింది. సింగపూర్ కంట్రోలుకి ‘పాన్ పాన్’ అని కబురు వెళ్ళింది. మేడే కంటే ఒక మెట్టు కింది పిలుపు అది. కష్టంలో ఉన్నాం, ప్రాణాల మీదికి ఇంకా రాలేదు అని అర్థం. రెండో ఇంజిన్ ఆపేశారు. మంటలార్పే మందు సీసాలు రెండూ వదిలారు. అవి నిజంగా విడుదలయ్యాయో లేదో చెప్పే దీపం వెలగలేదు.

అక్కణ్ణించి వరద మొదలైంది.

ఏ380లో పైలట్ల ఎదుట ఒక తెర ఉంటుంది. ఏది పాడైందో, దానికి ఏం చెయ్యాలో ఒక్కొక్కటే వరస పెట్టి చూపిస్తుంది. ఒక ఫిర్యాదుకి జవాబు చెప్తే ఇంకోటి వస్తుంది. మామూలు రోజుల్లో ఒకటి, మహా అయితే రెండు. ఇవాళ మొదటి నిమిషంలోనే 40కి పైగా వచ్చిపడ్డాయి. రెండు హైడ్రాలిక్ వ్యవస్థల్లో ఒకటి పోయింది. ఒకటో ఇంజిన్, నాలుగో ఇంజిన్ తగ్గు స్థాయిలో నడుస్తున్నాయి. మూడోది కూడా మామూలు పద్ధతిలో లేదు. బ్రేకులు సగం. రెక్క ముందంచున వాలాల్సిన పలకలు కదలవు. ఇంధనాన్ని గాల్లో పారబోసి బరువు తగ్గించుకునే ఏర్పాటు పనిచెయ్యదు. కరెంటు సరఫరాలో కొంత పోయింది. ప్రతి ఫిర్యాదుకీ ఒక గంట మోగుతుంది. ఆపితే ఇంకోటి.

ఆ మోతలో ఒక మోత క్యాబిన్ నుంచి. మీ వైపు ఉన్న సిబ్బంది అత్యవసర పిలుపు మీట నొక్కి కాక్‌పిట్‌తో మాట్లాడాలని చూస్తున్నారు. అదీ యంత్రం గోలేనని పైలట్లు మిగతావాటితో పాటే నొక్కి ఆపేశారు. తర్వాత ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ వాళ్ళ నివేదికలో ఈ సంగతి చదివినప్పుడు నాకు వాళ్ళ మీద కోపం రాలేదు, జాలేసింది. అంతమంది ఒక్కసారి అరుస్తుంటే అందులో మనిషి గొంతేదో ఎలా పోల్చుకుంటారు?

మీకు మాత్రం ఇదేమీ వినబడదు. మైకులో కెప్టెన్ గొంతు వస్తుంది. ఇంజిన్‌లో ఇబ్బంది వచ్చిందని, విమానం అదుపులోనే ఉందని, కొంతసేపటికి సింగపూర్ తిరిగి వెళ్తామని. ఆ ‘కొంతసేపు’ అన్నచోటే మీ మనసు పట్టుకుంటుంది. సింగపూర్ అదిగో, కనబడుతోంది. పావుగంట దూరం. వెళ్ళి దిగిపోక ఈ చుట్లు ఎందుకు?

చుట్లే. 7,400 అడుగుల ఎత్తులో, సముద్రం మీద, గానుగెద్దులా తిరుగుతున్నారు. మెల్లగా వంపు, కాసేపు తిన్నగా, మళ్ళీ వంపు. అలా ఐదు కాదు, పది కాదు, 50 నిమిషాలు. మీ జీవితంలో ఇంత నిదానమైన గంట ఇంకొకటి ఉండదు.

మీరు కిటికీలోంచి చూస్తున్న ఆ చిల్లు లోపల ఏం జరిగి ఉంటుందో అప్పటికి ఎవరికీ తెలీదు. తర్వాత లెక్కపెడితే తెగిన తీగలు 650 దాకా తేలాయి. ఇంధనం నిండిన తొట్టిలో ఒక్క క్షణం మంట భగ్గుమని, దానంతటదే ఆరిపోయిన గుర్తులూ దొరికాయి. అదృష్టం అన్న మాట నేను తేలిగ్గా వాడను, ఇక్కడ వాడక తప్పదు. ఆ మంట ఆరకపోయి ఉంటే, ఐదుగురు కాదు కదా యాభై మంది పైలట్లున్నా చెయ్యగలిగిందేమీ లేదు.

ఈలోగా కింద బాటమ్‌లో ఆకాశం నుంచి ఇనుము రాలింది. ఇళ్ళ మీద, బడి ఆవరణలో ముక్కలు. జనం పోగయ్యారు, ఏరారు, ఫోన్లలో ఫొటోలు తీశారు. క్వాంటాస్ విమానం కూలిందన్న కబురు మీరు గాల్లో చుట్లు కొడుతుండగానే ఖండాలు దాటింది. మీ వాళ్ళు సిడ్నీలో ఆ కబురు వింటూ ఉండొచ్చు. ఫోను మీ జేబులో ఉంది, దాన్ని ముట్టుకునే వీల్లేదు.

కాక్‌పిట్‌లో ఒక చిన్న గొడవ. కెప్టెన్‌కి 10,000 అడుగులకి ఎక్కాలనుంది. మిగతా ఇంజిన్లూ ఆగిపోతే ఇంజిన్ లేకుండానే జారుకుంటూ చాంగి చేరగలిగేంత ఎత్తు చేతిలో ఉండాలని ఆయన లెక్క. మిగతా నలుగురూ వద్దన్నారు. ఇంత దెబ్బతిన్న ఇంజిన్లని మళ్ళీ గట్టిగా నడిపించొద్దన్నారు. ఆయన మానేశాడు. దీన్ని ఆయనే తర్వాత పుస్తకంలో రాసుకున్నాడు. పెద్దవాడు తన మాట వెనక్కి తీసుకోవడం మన ఆఫీసుల్లో ఎంత అరుదో తెలిసినవాళ్ళకి ఈ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది.

అదిగో, యూనిఫాంలో ఒకాయన నడవలోంచి వస్తున్నాడు. సెకండ్ ఆఫీసర్. తెర ఎంత చెప్పినా కళ్ళతో చూడాలని పంపారు. ప్రయాణికుల్లో అదే కంపెనీ పైలట్ ఒకాయన ఉన్నాడు. సీటు ముందున్న టీవీలో తోక మీది కెమెరా బొమ్మ చూపించాడు. పై నుంచి విమానం మొత్తం కనబడుతుందందులో. ఎడమ రెక్క వెనక తెల్లటి చార, తోక దాటి పోతోంది. సెకండ్ ఆఫీసర్ కింది అంతస్తుకి వచ్చి, మీ వరసకి దగ్గర్లో వంగి కిటికీలోంచి చూస్తాడు. చిల్లు చూశాడు. కారుతున్న ఇంధనం చూశాడు. మొహంలో ఏమైనా దొరుకుతుందేమోనని మీరు ఆయన్నే చూస్తారు. ఏమీ దొరకదు. వచ్చిన నడకతోనే వెళ్ళిపోతాడు.

ఈ లోపల తెర ఒక సలహా ఇచ్చింది. ఇంధనం ఒక వైపు ఎక్కువైంది, అటుది ఇటు మార్చండి అని. ఏ వైపుకి? చిల్లు పడ్డ రెక్క వైపుకి! చిల్లికుండలో నీళ్ళు పొయ్యమన్నట్టు. యంత్రానికి తన లెక్క తెలుసు, రెక్కకి పడ్డ చిల్లు తెలీదు. పైలట్లు ఆ మాట వినలేదు. ఏళ్ళ తరబడి పైలట్లకి నేర్పుతున్న చదువంతా ఒకటే, తెర చెప్పింది వరసగా చెయ్యమని. దాన్ని పక్కన పెట్టడానికి ధైర్యం కావాలి.

ఎన్ని ఫిర్యాదులు విన్నా తరగడం లేదు. ఏవేవి పోయాయో బుర్రలో పట్టడం లేదు. ఇక్కడ కెప్టెన్ లెక్కని తిరగేశాడు. పోయినవాటి జాబితా ఆపి, మిగిలినవేమిటో చూద్దామనుకున్నాడు. ఇంధనం కొంచెమైనా ఇంజిన్లకి అందుతోందా? అందుతోంది. చక్రాలు ఏదో రకంగా కిందికి వస్తాయా? వస్తాయి. బ్రేకులు కొన్ని ఉన్నాయా? ఉన్నాయి. ఆ మిగిలిన సామానుతో మనసులో ఒక చిన్న సెస్నా కట్టుకున్నాడు. నేర్చుకునే కుర్రాళ్ళు నడిపే బుల్లి విమానం అది. ప్రపంచంలోకెల్లా పెద్ద విమానాన్ని బుల్లి విమానం అనుకుని దింపడానికి సిద్ధమయ్యాడు. పెళ్ళింట్లో సామాన్ల బండి రాలేదని తెలిశాక, లేని వంటకాలు ఏడ్చుకోకుండా ఉన్న పప్పూ బియ్యంతో ఏం వండొచ్చో చూసే వంటమనిషి గుర్తొస్తాడు నాకు.

ఇక వెనక సీట్లలోని ఇద్దరు కెప్టెన్లూ లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఇంత బరువుతో, ఇన్ని లోపాలతో దిగితే ఎంత రన్‌వే కావాలి? దిగడానికి అనుమతించిన బరువు కంటే విమానం దాదాపు 50 టన్నులు ఎక్కువుంది, మొత్తం 440 టన్నులు. అన్నీ ఎక్కించి నొక్కితే కంప్యూటర్ జవాబివ్వలేదు. రన్‌వే తడిగా లేదు కదా అని ఆ లెక్క మార్చి మళ్ళీ నొక్కారు. ఈసారి వచ్చింది. చాంగి రన్‌వే పొడవు 4,000 మీటర్లు. చివర మిగిలేది 100 మీటర్లు.

అది చాలన్నారు.

విమానం చాంగి వైపు తిరిగింది. చక్రాల్ని నూనె ఒత్తిడితో దింపే దారి లేదు, తలుపు తెరిచి వాటి బరువు మీద వాటిని వదిలేశారు. మీ కాళ్ళ కింద గుభేలుమంది. ఒకటో, నాలుగో ఇంజిన్లని ఒకే స్థాయిలో కట్టేసినట్టు ఉంచి, మూడోదాన్ని మాత్రం అటూ ఇటూ జరుపుతూ వేగం చూసుకుంటున్నాడు కెప్టెన్. మధ్యమధ్యలో విమానాన్ని కొద్దిగా ఊపి చూస్తాడు, చెప్పిన మాట వింటోందా లేదా అని. మీరు దాన్ని గాలి కుదుపు అనుకుంటారు. వేగం మరీ ఎక్కువైతే రన్‌వే దాటిపోతారు. కాస్త తగ్గితే విమానం గాల్లో నిలవదు. ఆ రెండింటి మధ్య సందు చాలా సన్నం. వేగం ఒక్క పిసరు తగ్గేసరికి ఆటోపైలట్ నా వల్ల కాదని వదిలేసింది. చివరికి చేత్తోనే.

సిబ్బంది తలలు వంచమనలేదు. కిటికీలో ఓడలు పెద్దవవుతున్నాయి. నీళ్ళు. ఒడ్డు. గడ్డి.

11 గంటల 46 నిమిషాలు. చక్రాలు తాకాయి, గంటకి దాదాపు 307 కిలోమీటర్ల వేగంతో. ఎంత మెత్తగా తాకాయంటే ఒక క్షణం ఆలస్యంగా తెలుస్తుంది మీకు. తర్వాత బ్రేకులు. వెనక్కి తోసే ఇంజిన్ ఒక్కటే, మూడోది. పక్కన గడ్డి చారలుగా పోతోంది. రన్‌వే అయిపోతోంది. ఇంకా పోతోంది. మెల్లగా... ఇంకా మెల్లగా... ఆగింది. చివరికి ఇంకో 150 మీటర్లు ఉంది.

చప్పట్లు. ఎవరో ఏడుస్తున్నారు. మీరు బెల్టు మీద చెయ్యి వేస్తారు.

ఆగండి. అసలు భయం ఇప్పుడు మొదలవుతోంది.

ఎడమ రెక్కలోంచి ఇంధనం రన్‌వే మీదికి ధారగా కారుతోంది. అంత బరువుని ఆపిన బ్రేకుల వేడి 900 డిగ్రీలు చేరింది. ఆ ఇంధనం అంటుకోవడానికి అందులో నాలుగో వంతు చాలు. టైర్లు కొన్ని చదునైపోయాయి. ఇంజిన్లు ఆపే మీటలు నొక్కారు. మూడు, నాలుగు ఆగాయి. ఒకటో నంబరు ఆగలేదు. మళ్ళీ నొక్కారు. ఫైర్ స్విచ్ నొక్కారు. ఊహూఁ. దాన్ని ఆపమని చెప్పే తీగలు తెగిపోయాయి, చెప్పిన మాట దాని దాకా చేరడం లేదు. దూరంగా నిలబడ్డ ఫైరింజన్లు దగ్గరికి రావడానికి జంకుతున్నాయి, తిరుగుతున్న ఇంజిన్ ముందుకి ఎవరు వెళ్తారు? కరెంటు చాలావరకు పోయింది, కాక్‌పిట్‌లో ఒక్క రేడియో మిగిలింది. మీ దగ్గర ఏసీ లేదు. సింగపూర్ మిట్టమధ్యాహ్నం విమానంలోకి దిగుతోంది.

తలుపులు తెరిచి జారుడుబల్లల మీదుగా దూకేయొచ్చు కదా? మీకు అదే అనిపిస్తుంది. సినిమాల్లో అదే చేస్తారు. మీరు ఎటు దూకుతారు? ఎడమ వైపు తిరుగుతున్న ఇంజిన్, దాని కింద ఇంధనం. కుడి వైపు అంత ఎత్తు నుంచి ముసలివాళ్ళు, పిల్లలు, చక్రాల కుర్చీల వాళ్ళు. ఎముకలు విరగడం ఖాయం. కింద పడినవాళ్ళు ఏ దిక్కుకి పరిగెత్తుతారో చెప్పలేం. లోపల ఉంటే నిప్పు రావచ్చు, బయటికి పోతే నిప్పులోకే పోవచ్చు. ఐదుగురు పైలట్లూ మాట్లాడుకున్నారు. ఫైరింజన్లు చక్రాల కింద నురగ పోసి బ్రేకుల్ని చల్లారుస్తున్నంతసేపు ప్రయాణికుల్ని కూర్చునే ఉంచుదాం, నిప్పు కనబడితే ఆ క్షణమే జారుడుబల్లలు అని తేల్చారు. సిబ్బంది ప్రతి తలుపు దగ్గరా చెయ్యి మీటకి దగ్గరగా పెట్టుకుని నిలబడ్డారు. అందరూ చూస్తుండగా అలా నిలబడటం, మొహం మీద చిరునవ్వు చెదరకుండా. దానికి మనం టికెట్టులో ఎంత కడతామో నాకు తెలీదు.

మీరు చెమటలో కూర్చుని ఎదురుచూస్తున్న ఈ సమయంలో, మూడేళ్ళకి, 2013లో తేలిన సంగతి చెప్పేస్తాను. రోల్స్-రాయిస్ ట్రెంట్ 900 ఇంజిన్ లోపల, బేరింగుకి నూనె అందించే వేలెడు గొట్టం ఒకటుంది. ఇంగ్లండులో హక్నల్ అనే ఊళ్ళోని ఫ్యాక్టరీలో దాని కొసని లోపలి నుంచి తొలిచినప్పుడు రంధ్రం నడిమధ్యన పడలేదు, కాస్త పక్కకి జరిగింది. ఒక వైపు గోడ సన్నబడింది. ప్రయాణం తర్వాత ప్రయాణం, ఆ సన్నని చోట బీట పడి పెరిగింది. ఇవాళ నూనె కారి, వేడికి అంటుకుని, టర్బైన్ చక్రాన్ని ఇరుసు నుంచి విడదీసింది. పట్టు విడిచిన చక్రం పిచ్చి వేగంతో తిరిగి మూడు ముక్కలైంది. అందులో ఒకటి తర్వాత బాటమ్‌లో దొరికింది. మీ కిటికీ పక్కనుంచి రెక్క చీల్చుకుని పోయింది వాటిలోదే. మిల్లీమీటరులో భాగమంత తేడా అది.

దిగిన 50 నిమిషాలకి కుడి వైపు ఒక తలుపు తెరుచుకుంది. మెట్ల బండి వచ్చింది. ఒక్కటే తలుపు, ఒక్కటే మెట్లు. మిగతా తలుపుల దగ్గర సిబ్బంది ఇంకా చెయ్యి మీట దగ్గరే ఉంచారు. మీ వరస రావడానికి ఇంకా చాలాసేపుంది. సామాను వదిలి, ఒకరి వెనక ఒకరు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వేడిగాలి, కిరసనాయిలు లాంటి వాసన, అవతలి వైపు నుంచి ఆ ఒకటో ఇంజిన్ హోరు. మెట్ల కింద నురగ. బస్సు. ఆఖరి మనిషి దిగేసరికి ఇంకో గంట పట్టింది. 469 మందిలో ఒక్కరికి గీత పడలేదు.

టెర్మినల్లో మీరు నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని, తాగడం మర్చిపోయి కూర్చున్నారు. ఫోన్లు మోగుతున్నాయి. కెప్టెన్ వచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది. జరిగింది చెప్పి, అడగాలనుకున్నది ఏదైనా అడగండంటూ తన సొంత మొబైల్ నంబరు అందరికీ ఇచ్చాడు. మీరు బోర్డింగ్ పాస్ వెనక రాసుకున్నారు.

బయట రన్‌వే మీద ఖాళీ విమానం. దాని ఒకటో నంబరు ఇంజిన్ తిరుగుతూనే ఉంది. ఫైరింజన్లు దాని నోట్లోకి నేరుగా నీళ్ళు కొడుతున్నాయి. భారీ వర్షంలోనూ ఆగకూడదని కట్టిన ఇంజిన్ అది, ఎంత పోసినా తాగేసింది. నీళ్ళు మానేసి నురగ పోశారు. దిగి మూడు గంటలు దాటాక అది ఒకసారి దగ్గి, వేగం తగ్గి, రెక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేంత మెల్లగా తిరిగి, ఆగింది.